బ్యాంకులో ఎండీకి అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారా? యాన్యువల్ రిపోర్ట్ చూసి మీరే కనిపెట్టడం ఎలా

ఎఫ్‌డీ వేసేముందు మనం అడిగేది ఒక్కటే, రేటు ఎంత అని. షేర్ కొనేముందు ఇంకోటి అడుగుతాం, ప్రాఫిట్ ఎంత పెరిగింది అని. గొడవేంటంటే ఈ రెండూ బ్యాంకు మునగడానికి ముందు క్వార్టర్ దాకా కూడా బ్రహ్మాండంగానే కనిపించొచ్చు. అందుకని నేను ఎవరైనా అడిగితే ఒక మాట చెప్తుంటాను, ముందు ఆ బ్యాంకు బోర్డులో ఎండీ గారిని "ఆగండి సార్, ఈ లోన్ వద్దు" అనగలిగే మనుషులు ఉన్నారో లేదో చూడండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు అని. ఏ కంపెనీకైనా ఇది ముఖ్యమే గానీ బ్యాంకుకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే బ్యాంకు నడిచేది చాలావరకు షేర్‌హోల్డర్ల డబ్బుతో కాదు, డిపాజిటర్ల డబ్బుతో, ఆ డిపాజిటర్లకేమో బోర్డులో ఓటు ఉండదు.

ఇదంతా చూడటానికి సీఏ చదవక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక పీడీఎఫ్, కాస్త ఓపిక ఉంటే చాలు.

స్టెప్ 1: రిపోర్టులు దింపుకోండి, ఒకటి కాదు మూడు

బ్యాంకు వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ రిలేషన్స్ అనే సెక్షన్ ఉంటుంది, అందులో యాన్యువల్ రిపోర్టులు ఫ్రీగా దొరుకుతాయి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌ల సైట్లలో కూడా ఉంటాయి. గత మూడేళ్ళవి దింపండి, ఎందుకంటే ఒక్క ఏడాది రిపోర్ట్ ఫోటో లాంటిది, అందులో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఎవరు వచ్చారు, ఎవరు మధ్యలో వెళ్ళిపోయారు, ఏ కమిటీ చైర్మన్ మారాడు అనేది మూడూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ముందున్న యాభై అరవై పేజీల రంగుల బొమ్మలు, చైర్మన్ గారి ఉత్తరం, అవార్డుల లిస్టు వదిలేయండి. ముఖ్యంగా "బెస్ట్ గవర్నెన్స్" లాంటి అవార్డులు. మనకి ముఖ్యంగా కావాల్సినవి రెండు చోట్లు, ఒకటి కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్ట్, రెండోది చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్ టు అకౌంట్స్.

స్టెప్ 2: బోర్డు టేబుల్ చదవండి

గవర్నెన్స్ రిపోర్ట్ మొదట్లోనే డైరెక్టర్ల పేర్లు, ఎవరు ఇండిపెండెంట్ (అంటే బ్యాంకుతో, యాజమాన్యంతో సంబంధం లేని బయటి మనిషి), ఎవరు కాదు, ఎన్ని మీటింగులకి వచ్చారు అని ఒక టేబుల్ ఉంటుంది. ప్రైవేట్ బ్యాంకులకి ఆర్‌బీఐ 2021 ఏప్రిల్ 26న ఒక సర్క్యులర్ ఇచ్చింది, దాని ప్రకారం బోర్డు చైర్మన్ ఇండిపెండెంట్ డైరెక్టరే అయ్యుండాలి, మీటింగ్‌కి వచ్చినవాళ్ళలో కనీసం సగం మంది ఇండిపెండెంట్లు ఉండాలి, నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ (బ్యాంకులో రోజువారీ ఉద్యోగం చెయ్యనివాడు) మొత్తం 8 ఏళ్ళకి మించి ఉండకూడదు, వయసు 75 దాటకూడదు. ఈ రూల్స్ పాటించని బ్యాంకు మీకు దాదాపు కనిపించదు, కాబట్టి రూల్ పాటించారా లేదా అని టిక్కులు పెట్టుకుంటూ పోతే మీకు కొత్తగా ఏమీ తెలియదు.

చూడాల్సింది వేరే. అటెండెన్స్ కాలమ్‌లో ఒకాయన 14 మీటింగులుంటే 8కే వచ్చాడనుకోండి, ఆయన పేరు పట్టుకుని రెండో ఏడాది రిపోర్ట్‌లో కూడా చూడండి, అక్కడా అంతే అయితే ఆ మనిషి బోర్డులో పేరుకి మాత్రమే ఉన్నాడు. ఇంకోటి, అదే టేబుల్‌లో మిగతా ఎన్ని కంపెనీల్లో డైరెక్టరో కూడా రాస్తారు. ఆరేడు బోర్డుల్లో కూర్చునే పెద్దమనిషి ఈ బ్యాంకు వెయ్యి పేజీల అజెండా నోట్ చదివి వస్తాడని నాకైతే నమ్మకం లేదు.

తర్వాత ఎవరికి ఏం తెలుసు అని ఇంకో టేబుల్ ఉంటుంది, స్కిల్స్ మ్యాట్రిక్స్ అంటారు. అందరికీ అన్నీ తెలుసన్నట్టు అన్ని గడుల్లో టిక్కులు కొట్టేస్తారు, అది పక్కన పెట్టి డైరెక్టర్ల బయోడేటా చదవండి. నిజంగా బ్యాంకులో లోన్లు సాంక్షన్ చేసిన అనుభవం ఉన్నవాళ్ళు, ట్రెజరీ (బ్యాంకు పెట్టుబడులు, నగదు చూసే విభాగం) తెలిసినవాళ్ళు, ఐటీ సిస్టమ్స్ తెలిసినవాళ్ళు ఎండీ కాకుండా ఇంకెవరున్నారు? ఎవరూ లేకపోతే ఎండీ చెప్పిందే వేదం అవుతుంది, పాపం మిగతా డైరెక్టర్ల తప్పు కూడా కాదు, అడగడానికి ఏం అడగాలో తెలియాలి కదా.

స్టెప్ 3: కమిటీలు, రెండు చాలు

పది పన్నెండు కమిటీలు కనిపిస్తాయి, కంగారు పడకండి. ఆడిట్ కమిటీ, రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ, ఈ రెండే గట్టిగా చూడండి. ఆడిట్ కమిటీలో అందరూ నాన్ ఎగ్జిక్యూటివ్‌లే ఉండాలి, బోర్డు చైర్మన్ అందులో మెంబర్‌గా కూడా ఉండకూడదు, కనీసం క్వార్టర్‌కి ఒకసారి కలవాలి. ఆడిట్ కమిటీ చైర్మన్ ఇంకే కమిటీకీ చైర్మన్ కాకూడదు. ఈ రూల్ ఎందుకంటే, లోన్లు ఇచ్చే కమిటీకి పెద్దగా ఉన్నవాడే ఆ లోన్ల లెక్క సరిచూసే కమిటీకీ పెద్ద అయితే తన తప్పు తనే పట్టుకోవాలి.

మూడు రిపోర్టుల్లో ఆడిట్ కమిటీ చైర్మన్ పేరు రాసుకోండి. మూడేళ్ళలో ముగ్గురు మారితే ఎందుకు మారారో వెతకాల్సిందే.

స్టెప్ 4: ఎండీ విషయంలో ఆర్‌బీఐ ఏం చేసిందో చూడండి

నా లెక్కలో ఇది అన్నిటికంటే పనికొచ్చే స్టెప్, పైగా చాలామంది చూడనిది.

ప్రైవేట్ బ్యాంకు ఎండీని బోర్డు సెలెక్ట్ చేసినా ఆర్‌బీఐ ఓకే అనాలి, జీతానికి కూడా. మామూలుగా బోర్డు మూడేళ్ళు అడుగుతుంది, ఆర్‌బీఐ మూడేళ్ళు ఇస్తుంది, న్యూస్‌లో రెండు లైన్లు వస్తాయి, అయిపోతుంది. కానీ ఆర్‌బీఐ దగ్గర ఆ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఉంటుంది, అది మనకి చూపించరు, అందులో ఏదో తేడాగా ఉందనుకున్నప్పుడు వాళ్ళు బయటికి చెప్పరు గానీ టర్మ్ కత్తిరిస్తారు. అదే మనకి దొరికే సిగ్నల్.

యస్ బ్యాంక్ చూడండి. 2018లో రాణా కపూర్‌కి ఇంకో మూడేళ్ళు కావాలని బోర్డు అడిగింది, ఆర్‌బీఐ మాత్రం 2019 జనవరి 31 దాకా ఉండి దిగిపొమ్మంది. యాక్సిస్‌లో శిఖా శర్మకి 2017లో బోర్డు ఇంకో మూడేళ్ళు ఇద్దామంటే ఆర్‌బీఐ మళ్ళీ ఆలోచించుకోమంది, చివరికి ఆవిడ 2018 డిసెంబర్‌కే దిగిపోయారు. ఇండస్‌ఇండ్‌లో అయితే 2023లో మూడేళ్ళు అడిగితే రెండేళ్ళే ఇచ్చారు, మళ్ళీ మూడు అడిగితే 2025 మార్చి 7న ఒక్క ఏడాదే ఇచ్చారు, ఆ తర్వాత మూడు రోజులకి, మార్చి 10న, డెరివేటివ్స్ (కరెన్సీ, వడ్డీ రేట్ల లాంటి వాటి మీద చేసుకునే ఒప్పందాలు) లెక్కల్లో తేడా ఉంది, నెట్‌వర్త్‌లో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) దాదాపు 2.35 శాతం దెబ్బ పడుతుంది అని బ్యాంకే చెప్పింది, మర్నాడు షేర్ 27 శాతం పడింది. ఏప్రిల్ 29న ఆ ఎండీ, సీఈఓ సుమంత్ కఠ్‌పాలియా రాజీనామా చేశారు, జనవరి-మార్చి క్వార్టర్‌కి రూ.2,329 కోట్ల నష్టం చూపించారు. 2023లో రెండేళ్ళు ఇచ్చినప్పుడే ఎందుకు తగ్గించారు అని అడిగినవాళ్ళకి ఇంచుమించు రెండేళ్ళ టైమ్ దొరికినట్టు.

టర్మ్ తగ్గితే బ్యాంకు మునుగుతుంది అని కాదు, యాక్సిస్ మునగలేదు, అక్కడ మనిషి మారాక లెక్కలు శుభ్రం చేసుకున్నారు. కానీ తగ్గిందంటే మీరు మిగతా స్టెప్పులు రెండింతలు జాగ్రత్తగా చెయ్యాలి.

పనిలో పనిగా ఎండీ ఎన్నేళ్ళుగా ఉన్నాడో కూడా చూడండి. ఇప్పుడు రూల్ 15 ఏళ్ళు, ప్రమోటరే (బ్యాంకు పెట్టినాయనే) ఎండీ అయితే 12 ఏళ్ళు. ఆర్‌బీఐ పెట్టిన ఈ గడువు వల్లే కోటక్ మహీంద్రా బ్యాంక్ ఎండీ ఉదయ్ కోటక్ 2023 సెప్టెంబర్‌లో కుర్చీ దిగారు. జీతం పేజీలో చూడాల్సింది ఎంత అని కాదు, అందులో బోనస్, స్టాక్ ఆప్షన్స్ వాటా ఎంత, దాన్ని ఎన్నేళ్ళు ఆపి ఇస్తున్నారు, తర్వాత తప్పు బయటపడితే వెనక్కి తీసుకునే క్లాజ్ ఉందా, ఎప్పుడైనా వాడారా అని.

స్టెప్ 5: నోట్స్ టు అకౌంట్స్‌లోకి దిగండి

పీడీఎఫ్‌లో సెర్చ్ బాక్స్ తెరిచి ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో "డైవర్జెన్స్" అని కొట్టండి. బ్యాంకు "మాకు ఇంత మొండి బాకీ ఉంది" అని ఒక లెక్క చెప్తుంది, ఆర్‌బీఐ వచ్చి చూసి "కాదు, ఇంత ఉంది" అంటుంది, ఆ తేడా ఒక లిమిట్ దాటితే రిపోర్ట్‌లో రాసి తీరాలి. అదే డైవర్జెన్స్ నోట్. సగం పేజీ కూడా ఉండదు గానీ మొత్తం రిపోర్ట్‌లో నాకు దీనికంటే విలువైన సగం పేజీ కనబడలేదు, ఎందుకంటే మిగతా పేజీలు చాలావరకు బ్యాంకు తన గురించి తను చెప్పుకునేవి, ఇది బయటివాడు వచ్చి చూసి చెప్పింది.

యస్ బ్యాంకే మళ్ళీ తీసుకుందాం. 2015-16కి బ్యాంకు చూపించిన గ్రాస్ ఎన్‌పీఏ (మొత్తం మొండి బాకీ) రూ.749 కోట్లు, ఆర్‌బీఐ లెక్కలో రూ.4,900 కోట్ల పైన. ఆరు రెట్ల కంటే ఎక్కువ! 2016-17లో తేడా రూ.6,355 కోట్లు. ఈ రెండూ 2017లోనే అందరికీ తెలిసిపోయాయి, అయినా 2018 ఆగస్టు దాకా షేర్ పెరుగుతూనే ఉంది, టీవీల్లో కొనండి కొనండి అంటూనే ఉన్నారు. 2019 ఫిబ్రవరిలో బ్యాంకు "2017-18కి డైవర్జెన్స్ సున్నా" అని గొప్పగా ప్రకటిస్తే ఒక్క రోజులో షేర్ 30 శాతం ఎగిరింది, ఆర్‌బీఐ మాత్రం ఆ రిపోర్ట్ కాన్ఫిడెన్షియల్, అందులో మిగతా లోపాలు దాచి ఇదొక్కటే ఎలా బయటపెడతారు అని చీవాట్లు పెట్టింది. 2018-19కి మళ్ళీ రూ.3,277 కోట్ల తేడా. 2020 మార్చి 5న మారటోరియం, అంటే బ్యాంకు లావాదేవీలకి బ్రేక్, రూ.50,000 మించి తీయడానికి లేదు. అంటే ఒక్క ఏడాది సున్నా కనిపించినంత మాత్రాన సంబరపడొద్దు, అందుకే మూడేళ్ళ రిపోర్టులు దింపమన్నది.

అవే నోట్స్‌లో ఇంకో నాలుగు చూడండి. టాప్ 20 డిపాజిటర్ల వాటా ఎంత అని ఉంటుంది, అది ఏటేటా పెరుగుతుంటే బ్యాంకు కొద్దిమంది పెద్దల డబ్బు మీద నడుస్తోందన్నమాట, వాళ్ళు ఒక వారంలో లేచిపోతే కష్టం. టాప్ 20 బారోవర్ల (అప్పు తీసుకున్నవాళ్ళ) వాటా కూడా అంతే. ఆర్‌బీఐ వేసిన పెనాల్టీలు ఉంటాయి, మొత్తం చిన్నదే అయినా దేనికి వేశారో చదవండి, ఒకే రకం తప్పుకి రెండేళ్ళు వరుసగా పడితే లోపల ఎవరూ పట్టించుకోవట్లేదని అర్థం. ఫ్రాడ్ కేసుల లెక్క కూడా ఇక్కడే.

రిలేటెడ్ పార్టీ ట్రాన్సాక్షన్స్ (బ్యాంకు తనవాళ్ళతో చేసిన లావాదేవీలు) నోట్ బ్యాంకుల్లో కాస్త చప్పగా ఉంటుంది, డైరెక్టర్లకి వాళ్ళ సంస్థలకి లోన్లు ఇవ్వడం చట్టం చాలావరకు ఆపేసింది కాబట్టి. అయినా ఒకసారి కళ్ళు పరిగెత్తించండి.

స్టెప్ 6: ఆడిటర్లు

రూ.15,000 కోట్లు దాటిన ఆస్తులున్న బ్యాంకుకి కనీసం రెండు ఆడిట్ ఫర్మ్‌లు కలిసి ఆడిట్ చెయ్యాలి, ఏ ఫర్మ్ అయినా వరుసగా మూడేళ్ళే. ఆడిటర్ మూడేళ్ళు నిండకుండా మధ్యలో వదిలేసి వెళ్ళాడా అనేది మొదట చూడండి. తర్వాత ఆడిట్ రిపోర్ట్‌లో "కీ ఆడిట్ మ్యాటర్స్" (ఆడిట్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టిన అంశాలు), "ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్" (ఇది తప్పక గమనించండి అని ఆడిటర్ ఎత్తిచూపేది) అని ఉంటాయి, రెండోది ఉంటే అక్షరం వదలకుండా చదవండి.

ఆడిటర్ సంతకం ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదని మన హైదరాబాద్ వాళ్ళకి వేరే చెప్పాలా. 1994లో సికింద్రాబాద్ హెడ్ ఆఫీస్‌గా రమేశ్ గెల్లి మొదలుపెట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్, ఆ రోజుల్లో ఏసీ బ్రాంచులు, నవ్వుతూ పలకరించే స్టాఫ్, మన బ్యాంకు అని ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో. బ్రోకర్ కేతన్ పారేఖ్ స్టాక్ మార్కెట్ గొడవలో ఇరుక్కుంది, 2001-02కి ఆడిట్ అయిన లెక్కల్లో నెట్‌వర్త్ ప్లస్‌లో ఉంది, ఆర్‌బీఐ ఇన్‌స్పెక్షన్‌లో మైనస్‌లో ఉంది, అదే బ్యాంకు అదే ఏడాది. 2004 జూలై 24న మారటోరియం, ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు దక్కింది, షేర్‌హోల్డర్లకి ఒక్క పైసా రాలేదు. డైవర్జెన్స్ నోట్ అనేది అప్పట్లో లేదు, 2017 నుంచే వచ్చింది. అప్పుడే ఉండి ఉంటే జనం చదివేవాళ్ళా అంటే అది వేరే ప్రశ్న.

స్టెప్ 7: ఏడాది పొడుగునా రాజీనామాల మీద కన్నేయండి

యాన్యువల్ రిపోర్ట్ ఏడాదికొకసారే వస్తుంది, మనుషులు మాత్రం మధ్యలోనే వెళ్ళిపోతారు. బీఎస్ఈ సైట్‌లో బ్యాంకు పేరు కొట్టి కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్ చూడండి. ఇండిపెండెంట్ డైరెక్టర్ గడువుకి ముందే రాజీనామా చేస్తే ఆ లెటర్‌ని, కారణాలతో సహా, ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వాలి. ఎక్కువగా "వ్యక్తిగత కారణాలు" అనే ఉంటుంది, ఒక్కోసారి మనిషి నోరు విప్పుతాడు. యస్ బ్యాంక్ ఆడిట్ కమిటీకి పెద్దగా ఉన్న ఉత్తమ్ ప్రకాశ్ అగర్వాల్ 2020 జనవరి 10న రాజీనామా చేస్తూ గవర్నెన్స్ దిగజారిపోయిందని రాసి మరీ వెళ్ళారు, మారటోరియానికి రెండు నెలల ముందు. అది ఫ్రీగా, పబ్లిగ్గా, ఎవరైనా చదువుకునేలా ఉంది.

డైరెక్టర్లతో పాటు సీఎఫ్ఓ (లెక్కలు చూసే పెద్ద ఆఫీసర్), చీఫ్ రిస్క్ ఆఫీసర్, కంప్లయన్స్ హెడ్, ఇంటర్నల్ ఆడిట్ హెడ్, ఈ నాలుగు కుర్చీలు కూడా చూస్తుండండి. ఇండస్‌ఇండ్‌లో సీఎఫ్ఓ 2025 జనవరిలో వెళ్ళిపోయారు, లెక్కల సంగతి మార్చిలో బయటికొచ్చింది. అమెరికాలో మనవాళ్ళ స్టార్టప్పుల డబ్బు కూడా ఇరుక్కున్న సిలికాన్ వ్యాలీ బ్యాంకులో 2022లో చీఫ్ రిస్క్ ఆఫీసర్ వెళ్ళిపోతే నెలల తరబడి కొత్తవాళ్ళని పెట్టలేదు, 2023 జనవరిలో పెట్టారు, మార్చి 10న బ్యాంకు మూతపడింది.

గవర్నమెంట్ బ్యాంకు అయితే

లెక్క కాస్త మారుతుంది. యజమాని కేంద్ర ప్రభుత్వం, ఎండీ పేర్లు ఎఫ్ఎస్ఐబీ అనే సంస్థ సూచిస్తుంది, అపాయింట్ చేసేది ప్రభుత్వం. కాబట్టి టర్మ్ కత్తిరించే సిగ్నల్ ఇక్కడ పనిచేయదు. ఇక్కడ చూడాల్సింది ఖాళీలు, బోర్డులో ఎన్ని డైరెక్టర్ సీట్లు నెలల తరబడి భర్తీ కాకుండా ఉన్నాయి, ఆడిట్ కమిటీకి కోరం (మీటింగ్‌కి కావాల్సిన కనీస సంఖ్య) ఎలా లాక్కొస్తున్నారు అని. డైవర్జెన్స్, పెనాల్టీ, ఫ్రాడ్ నోట్స్ మాత్రం అవే. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో నీరవ్ మోదీ వ్యవహారం ముంబైలో ఒక్క బ్రాంచ్ నుంచి జరిగింది, విదేశీ బ్యాంకులకి పంపే స్విఫ్ట్ మెసేజ్‌లు కోర్ బ్యాంకింగ్‌కి (బ్యాంకు అసలు లెక్కల కంప్యూటర్ సిస్టమ్‌కి) లింక్ అయి లేకపోవడంతో ఏళ్ళ తరబడి లెక్కల్లోకే రాలేదు. అందుకని ఐటీ, ఇంటర్నల్ ఆడిట్ గురించి బోర్డు ఏం రాసిందో గవర్నమెంట్ బ్యాంకు రిపోర్టులో ఇంకాస్త శ్రద్ధగా చదవండి. ప్రభుత్వం ఉంది కదా డిపాజిట్ ఎక్కడికీ పోదు అనుకోవడం డిపాజిటర్‌గా తప్పేం కాదు, షేర్‌హోల్డర్‌గా మాత్రం ఆ మాటకి విలువ లేదు.

ఇంత చూశాక ఏం చెయ్యాలి

డిపాజిటర్ అయితే: రెండు మూడు చోట్ల తేడా కొట్టిందంటే గొడవ పడక్కర్లేదు, ఆ బ్యాంకులో మీ పేరు మీద అసలు వడ్డీ కలిపి రూ.5 లక్షల లోపు ఉండేలా సర్దుకోండి. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక మనిషికి ఒక బ్యాంకులో అన్ని బ్రాంచులు కలిపి అంతే, నాలుగు బ్రాంచుల్లో నాలుగు ఎఫ్‌డీలు వేస్తే రూ.20 లక్షలు రావు. రిలేషన్‌షిప్ మేనేజర్ "ఎఫ్‌డీ లాంటిదే సార్, రేటు ఎక్కువ" అని బాండ్లు చూపిస్తే అది ఏటీ1 బాండా (బ్యాంకు కష్టాల్లో పడితే సున్నా చేసేయగల బాండ్) అని సూటిగా అడగండి. యస్ బ్యాంక్‌లో రూ.8,415 కోట్ల ఏటీ1 బాండ్లు రాత్రికి రాత్రి సున్నా అని రాసేశారు, ఆ తర్వాత కోర్టు గొడవ వేరే కథ.

షేర్‌హోల్డర్ అయితే: ఏజీఎంకి (షేర్‌హోల్డర్ల వార్షిక మీటింగ్‌కి) కనీసం 21 రోజుల ముందు మీకు మెయిల్‌లో నోటీసు వస్తుంది, మనందరం డిలీట్ చేసేది అదే. అందులో ఎవరిని డైరెక్టర్‌గా తీసుకుంటున్నారో, ఎవరిని మళ్ళీ పెడుతున్నారో ఉంటుంది. ఇండిపెండెంట్ డైరెక్టర్‌ని పెట్టాలంటే స్పెషల్ రిజల్యూషన్ కావాలి, అంటే వేసిన ఓట్లలో 75 శాతం, కాబట్టి పాతిక శాతం మించి కాదంటే ఆ స్పెషల్ రిజల్యూషన్ పాసవ్వదు (కొన్ని షరతుల మీద అపాయింట్‌మెంట్ ఇంకా నిలబడొచ్చు). మన వంద షేర్లతో ఏమవుతుంది అనుకోకండి, 2020 సెప్టెంబర్ 25న లక్ష్మీ విలాస్ బ్యాంక్ షేర్‌హోల్డర్లు ఎండీతో సహా ఏడుగురు డైరెక్టర్లని ఓటేసి మరీ పంపించేశారు. కాకపోతే అప్పటికే ఆలస్యమైపోయింది, నవంబర్ 27కల్లా బ్యాంకు డీబీఎస్‌లో కలిసిపోయింది, వాళ్ళ షేర్లు సున్నా అయిపోయాయి.

ఓటు వెయ్యడం ఐదు నిమిషాల పని. మీ డీమ్యాట్ ఎన్ఎస్‌డీఎల్‌లో ఉందో సీడీఎస్ఎల్‌లో ఉందో చూసుకుని వాళ్ళ ఈ-వోటింగ్ పేజీకి వెళ్ళండి, ఓటీపీతో లాగిన్ అవ్వండి, బ్యాంకు పేరు పక్కన రిజల్యూషన్లు వరుసగా వస్తాయి, ఒక్కోదానికి ఫర్ (ఔను) లేదా అగైనెస్ట్ (కాదు) నొక్కండి. అన్నిటికీ ఒకేలా నొక్కక్కర్లేదు, స్టెప్ 2లో మీరు రాసుకున్న అటెండెన్స్ లేని పెద్దమనిషి పేరు దగ్గర ఆగి నొక్కండి. ఏజీఎం ముందురోజు సాయంత్రం 5 గంటలకి విండో మూసేస్తారు, అప్పటికి వెయ్యకపోతే మీటింగ్ నడుస్తున్నప్పుడు లాగిన్ అయి వెయ్యొచ్చు. ప్రశ్న అడగాలనుకుంటే స్పీకర్‌గా ముందే రిజిస్టర్ చేసుకోమని నోటీసులోనే మెయిల్ ఐడీ, ఆఖరి తేదీ ఇస్తారు. అడిగేటప్పుడు పేజీ నంబర్ చెప్పి అడగండి, "ఫలానా పేజీలో డైవర్జెన్స్ నోట్ గురించి ఆడిట్ కమిటీ చైర్మన్ గారే చెప్పాలి" అని, లేకపోతే ఎండీ గారు మైక్ తీసుకుని ఆ ప్రశ్నకి కూడా ప్రాఫిట్ గురించే చెప్తారు.